కర్పూరం చెట్టు కింద చుట్టం

దుప్పట్ల యంత్రం ఎవరి కోసమూ ఆగదు. ఇటు ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి తడి దుప్పటిని చెరో కొసా పట్టుకుని రోలర్ల మధ్యకి అందిస్తే, అటు పొగలు కక్కుతూ ఇస్త్రీ అయి బయటికొస్తుంది. నిమిషానికి ఏడు. అన్నీ పెద్ద హోటళ్ళ దుప్పట్లు. ఒతీలియా పదకొండేళ్ళుగా అదే పని చేస్తోంది, గంటకి పదిహేడు డాలర్ల ఎనభై సెంట్లకి. వేళ్ళ కొసలు మొద్దుబారి నాలుగేళ్ళయింది. రోలరు అంచు తగిలినా వెంటనే తెలియదు. సాయంత్రం ఇంటికెళ్ళి గిన్నెలు తోముతుంటే అప్పుడు బొబ్బ కనబడుతుంది.

బయట నూట నాలుగు ఫారెన్‌హీట్ డిగ్రీల ఎండ అని రేడియో చెప్పింది. లోపల ఎంతో రేడియోకి తెలియదు. పన్నెండున్నరకి ఆమె సూపర్‌వైజరు రూబెన్ దగ్గరికెళ్ళి, పనుంది, వెళ్ళాలి అంది. రెండు గంటలు పోయినా పూట జీతం పోయినట్టేనని అతను గుర్తుచేశాడు. తెలుసంది. పాపకి మళ్ళీ ఆయాసమా అని అడిగాడు. కాదు, శ్మశానానికి వెళ్ళాలి అంది. ఎవరు పోయారని అడగబోయి, ఆమె ముఖంలో ఏమీ కనబడక అతను ఊరుకున్నాడు.

ఆ ముఖంలో ఏమీ కనబడక మూడేళ్ళయింది. ఆమె భర్త యూసేబియో ఇళ్ళ పైకప్పులకి తారు పరిచే పని చేసేవాడు. ఒక జూలై మధ్యాహ్నం, నిలబడ్డానికి చారెడు నీడ లేని కప్పు మీద, కాసిని నీళ్ళిమ్మని అడిగి, నీళ్ళు వచ్చేలోగా ఒరిగిపోయాడు. పాతిపెట్టాలంటే తొమ్మిది వేలవుతుందన్నారు. కాల్చడానికి తొమ్మిది వందలు. ఒతీలియా బూడిద పెట్టె ఇంటికి తెచ్చి ఫ్రిజ్ మీద, పాప తినే అటుకుల డబ్బాల పక్కన పెట్టింది. ఏడవలేదు. ఏడవలేదని చుట్టుపక్కల వాళ్ళు చెవులు కొరుక్కున్నారు. ఎప్పుడో ఒకప్పుడు ఏడుపు వస్తుందని ఆమె కూడా ఎదురుచూసింది. అది రాలేదు, ఆమె మర్నాడు పనిలోకి వెళ్ళింది.

బస్సులో కూర్చుని ఆప్రాన్ జేబులోంచి ఉత్తరం తీసింది. ఆప్రాన్ విప్పడం మర్చిపోయినట్టు అప్పుడు తెలిసింది. ఉత్తరంలో ఉన్నది ఆమెకి చదవను రాదు. నిన్న సాయంత్రం తొమ్మిదేళ్ళ కూతురు నయేలి బళ్ళో పాఠం చదివినట్టు గట్టిగా చదివింది. స్వర్గీయ లియోనోర్ కింతానా గారి బంధువులకు. పాత భాగంలోని సమాధుల తరలింపు విషయమై మీ సంతకం అవసరం. దయచేసి గురువారం రెండు గంటలకు కార్యాలయానికి రాగలరు. జతచేసిన ఫారం నమూనాని కూడా అడుగు దాకా చదివింది.

లియోనోర్ కింతానా వందేళ్ళ కిందట చనిపోయింది. ఆమెకీ ఒతీలియాకీ ఏ చుట్టరికమూ లేదు. అసలు తంటా అదే.

తూర్పు లాస్ ఏంజెలస్‌లో వాళ్ళుండే పేటకి రెండు హైవేలున్నాయి, పదహారు గిడ్డంగులున్నాయి, వానొస్తే తప్ప నీళ్ళు పారని సిమెంటు కాలువ ఒకటుంది. పార్కు లేదు. వీధిలో ఉన్న నాలుగు చెట్లూ దీపాలకి అడ్డమని ఒక ఏడాది కొట్టేశారు. దీపాలు ఆ తర్వాత కూడా వెలగలేదనుకోండి, అది వేరే సంగతి. పచ్చగా కనబడేదల్లా శ్మశానం ఒక్కటే. అరవై ఎకరాలు, చుట్టూ ఇనప చువ్వల కంచె. ఇదివరకు ఎవరైనా లోపలికెళ్ళి నడిచేవాళ్ళు. ముసలాళ్ళు పేకాడుకునేవాళ్ళు. కొత్త కంపెనీ కొన్నాక గేటు దగ్గర కాపలా మనిషినీ, ఒక లావుపాటి పుస్తకాన్నీ కూర్చోబెట్టింది. ఇక్కడ మీవాళ్ళెవరైనా ఉంటేనే లోపలికి. చనిపోయినవారి పేరు, మీకేమవుతారు, మీ చిరునామా. మిగతావాళ్ళు కంచె బయట, లారీల పక్కన, చువ్వల్లోంచి గడ్డి చూసుకుంటూ నడవచ్చు.

నయేలికి ఆయాసం ఎక్కువైనప్పుడు ఉచిత ఆసుపత్రిలో కుర్ర డాక్టరు పీల్చే మందుతోపాటు ఇంకో చీటీ రాసిచ్చాడు. రోజూ అరగంట చెట్ల కింద నడవాలి, రోడ్డు పొగకి దూరంగా. పాపం మంచివాడే. ఆ మందు ఏ షాపులో అమ్ముతారో మాత్రం రాయలేదు.

ఒక ఆదివారం పిల్లని తీసుకుని పడమటి వైపు పార్కుకి వెళ్ళింది. రెండు బస్సులు మారి, గంటా నలభై నిమిషాలు. అక్కడ ప్రతి నాలుగు వీధులకీ ఒక పార్కు, పార్కులో మళ్ళీ కుక్కలకి వేరే పార్కు. దిగేసరికే పిల్లకి పిల్లికూతలు మొదలయ్యాయి. ఆ పచ్చిక చూడగానే నయేలి నడక నెమ్మది చేసి, టోపీ తీసేసి, గొంతు బాగా తగ్గించి అడిగింది.

"రాళ్ళు కనబడట్లేదేంటమ్మా? ఇక్కడ ఎవర్ని పాతిపెట్టారు?"

ఎవర్నీ లేదంది ఒతీలియా. పిల్ల నమ్మలేదు. ఉన్నంతసేపూ గడ్డి మీద ఎవర్నో తొక్కుతానేమోనని చూసి చూసి అడుగేసింది. చీకటి పడకుండా ఇల్లు చేరాలని ఇరవై నిమిషాలకే మళ్ళీ బస్సెక్కారు.

పక్క వాటాలో ఉండే ఎల్వీరా నయేలిని చర్చిలో జ్ఞానస్నానమప్పుడు చేతుల్లో పట్టుకున్న జ్ఞానతల్లి. ఆ లెక్కన ఒతీలియాకి వదిన వరస. ఉపాయం ఆమెదే.

"బతికున్నవాళ్ళకి చోటు లేదంటున్నారుగా వదినా. చచ్చిపోయినవాళ్ళనే సంపాదించుకుందాం."

శ్మశానం పాత భాగంలో దిక్కులేని సమాధులు బోలెడు. పేర్లు సగం చెరిగి, రాళ్ళు భూమిలోకి కుంగి, పువ్వు ముక్క ఎరగనివి. చువ్వల్లోంచి పేర్లు చదువుకుని పదకొండు ఇళ్ళవాళ్ళు పదకొండు మందిని పంచుకున్నారు. ఎల్వీరాకి దొరికినవాడు స్వెన్సన్ అనే స్వీడను దేశపు ముసలాడు. గేటు కాపలా ఉండే బసీలియో పుస్తకంలో పేరు చూసి ఆమె నల్లటి ముఖం వంక చూశాడు.

"ఈయన మీకు తాతా?"

"ఓడ మీద వచ్చాడన్నా. ఓడవాళ్ళ సంగతి నీకు తెలీదా?"

బసీలియో నవ్వు ఆపుకుంటూ గేటు తీశాడు. అతనిదీ ఆ పేటే.

ఒతీలియా పేరు చూసి ఎంచుకోలేదు, చెట్టు చూసి ఎంచుకుంది. మలుపులో పెద్ద కర్పూరం చెట్టు. ఇద్దరు మనుషులు చేతులు చాపినా అందని మొదలు. ఆకు నలిపితే మన పూజగదుల వాసన వస్తుంది, పిల్లకి ఊపిరాడుతుంది. దాని కింద చిన్న రాయి. లియోనోర్ కింతానా, 1899–1921. ఇరవై రెండేళ్ళు. మా అమ్మమ్మ చెల్లెలు అని బసీలియో చేత రాయించింది.

చిరునామా గడి దగ్గరికొచ్చేసరికి మాత్రం నోరు ఆగింది. మిగతా పదిమందీ నోటికొచ్చింది రాశారు. ఎల్వీరా అయితే ఒక టైర్ల షాపు నంబరు వేసింది. ఒతీలియా కూడా అదే చెయ్యాలి. ఆమెకి ఈ దేశంలో కాగితాలు లేవు. పంతొమ్మిదేళ్ళలో ఎక్కడా తన సంతకం, తన చిరునామా పెట్టలేదు, తప్పనిచోట అద్దె ఒప్పందం మీద తప్ప. కానీ ఇది చచ్చిపోయినవాళ్ళ పుస్తకం. నవంబరు రెండున, చనిపోయినవాళ్ళ పండగనాడు, వాళ్ళు బయల్దేరి తమవాళ్ళ ఇళ్ళు వెతుక్కుంటూ వస్తారు. వాళ్ళ పేర దొంగ చిరునామా రాస్తే ఆ పిల్ల, ఇరవై రెండేళ్ళది, టైర్ల షాపు గుమ్మంలో నిలబడుతుంది. చుట్టరికం అబద్ధమైతే అయింది. దారి అబద్ధం చెప్పకూడదు. వీధి పేరు, ఇంటి నంబరు, వెనక వాటా అని కూడా రాయించింది.

ఆ రోజునుంచి రోజూ నాలుగు గంటలకి బడి అయ్యాక పిల్ల, అయిదున్నరకి పని అయ్యాక తల్లి, కర్పూరం చెట్టు కిందకి చేరేవాళ్ళు. నయేలి రాయి మీద పుస్తకాలు పెట్టుకుని లెక్కలు చేసేది. మందు రోజుకి నాలుగుసార్లు పీల్చేది ఒక్కసారికి దిగింది. ఊరికే కూర్చోవడం తప్పనిపించి ఒతీలియా రాయి మీద నాచు గీకేసింది. వారానికి ఒక కట్ట బంతిపూలు తెచ్చేది, నాలుగు డాలర్లు. నవంబరులో ఇంట్లో బల్ల మీద రొట్టె, కాఫీ, కాగితం మీద లియోనోర్ పేరూ పెట్టింది. యూసేబియో ఫోటో పక్కన.

రెండో నవంబరులో ఎవరికీ చెప్పకుండా, ఎల్వీరాకి కూడా చెప్పకుండా, ఫ్రిజ్ మీది పెట్టె సంచిలో పెట్టుకుని వెళ్ళింది. వంటింటి గరిటెతో రాయి పక్కనే మోచేతి లోతు తవ్వి, బూడిద పోసి, గడ్డి పెళ్ళ మళ్ళీ కప్పేసింది. కొంచెం జరిగి చోటివ్వమ్మా అని లియోనోర్‌తో అంది. అప్పుడైనా ఏడుపు వస్తుందేమోనని కాసేపు కూర్చుంది. చీమలు చేతి మీదికి పాకాయి. లేచి ఇంటికెళ్ళింది.

ఉత్తరం చూసి నిన్న ఎల్వీరా నెత్తి కొట్టుకుంది.

"నిజం చిరునామా ఎందుకిచ్చావే పిచ్చిదానా? ఎవరికీ రాని ఉత్తరం నీకే వచ్చింది. వెళ్ళి, ఆవిడెవరో నాకు తెలీదని చెప్పేసి వచ్చెయ్. వాళ్ళతో పెట్టుకుంటే నిన్ను బస్సెక్కించి సరిహద్దు దాటిస్తారు. పిల్లనెవరు చూస్తారు?"

ఆ మాటలో అబద్ధం లేదు. ఒతీలియా బస్సు దిగేసరికి రెండుకి అయిదు నిమిషాలుంది. కార్యాలయంలో ఏసీ చల్లగా వేస్తోంది. బల్ల వెనక ప్రిసిలా అనే ముప్పై ఏళ్ళ అమ్మాయి కూర్చుంది. కంపెనీ పెద్దలెవరూ ఈ ఊళ్ళో ఉండరు. వాళ్ళ తరఫున నవ్వడానికీ, చెప్పడానికీ ఈ అమ్మాయి. ఆమె అమ్మమ్మ ఒకప్పుడు ఒతీలియా వీధిలోనే ఉండేది. మంచినీళ్ళు తెచ్చిచ్చింది, ఆప్రాన్ వైపు చూసి చూడనట్టు ఊరుకుంది.

విషయం నెమ్మదిగా చెప్పింది. పాత భాగం మొత్తం తీసేస్తున్నారు. నూట ఎనభై సమాధులు. మట్టి జాగ్రత్తగా తవ్వి, జల్లెడ పట్టి, ఎముకలు ఎవరివి వాళ్ళ పెట్టెల్లో పెట్టి, నేలకింద గదిలో సర్దుతారు. పేర్లన్నీ ఒక గోడ మీద చెక్కిస్తారు.

జల్లెడ అన్న మాట దగ్గర ఒతీలియా కళ్ళు ఎత్తింది. గరిటెతో తవ్వి పోసిన బూడిద జల్లెడలో నిలవదు.

"అక్కడేం కడతారు?"

"కార్లు పెట్టుకునే స్థలం ఆంటీ. దాని చుట్టూ అస్థికలు పెట్టుకునే గూళ్ళు. ఒక్కోటి ఆరు వేలు."

"మరి చెట్టు?"

ప్రిసిలా కాగితాలు సర్దింది.

"చెట్టుకి సంతకం అక్కర్లేదాంటీ."

సంతకం మనుషులకి కావాలి. బంధువులున్న సమాధిని వాళ్ళ ఒప్పుదల లేకుండా కదపకూడదు. బంధువులు లేకపోతే పేపర్లో ప్రకటన వేసి తవ్వుకోవచ్చు. పుస్తకంలో పాత భాగానికి పదకొండు మంది బంధువులు కనబడితే కంపెనీ పదకొండు ఉత్తరాలు పంపింది. పది తిరిగొచ్చాయి. అందులో ఒకటి టైర్ల షాపు నుంచి తిట్లతో సహా తిరిగొచ్చింది. దొరికింది ఒతీలియా ఒక్కతే. ఆమె సంతకం పెడితే వచ్చే నెల మొదటి వారంలో యంత్రాలు వస్తాయి.

ప్రిసిలా కాగితం తిప్పి ముందుకి జరిపింది. రెండు గడులున్నాయి. మొదటిది, నేను బంధువుని, తరలింపుకి ఒప్పుకుంటున్నాను. రెండోది, నేను బంధువుని కాను. మొదటిదానికి టిక్కు పెడితే కొత్త భాగంలో తిరగడానికి జీవితాంతం చెల్లే పాసు ఇస్తారు. పాప పేరు మీద కూడా ఇప్పిస్తానని తనంతట తనే అంది. కొత్త భాగం అంటే సిమెంటు బాటలు, నిరుడు నాటిన కర్రల్లాంటి మొక్కలు. రెండోదానికి టిక్కు పెడితే ఇంక ఏ గొడవా లేదు, రేపట్నుంచి గేటు లోపలికి రాకపోతే చాలు.

"రెండూ కాదంటే?"

ప్రిసిలా వెనక్కి తిరిగి తలుపు మూసి ఉందో లేదో చూసింది.

"కాదంటే రుజువు అడుగుతారాంటీ. వాళ్ళకి లాయరున్నాడు. పుస్తకంలో అబద్ధం రాశారని కేసు పెడతానంటున్నాడు. మీకు కాగితాలున్నాయో లేవో నేను అడగను. మీరూ నాకు చెప్పొద్దు. ఏదో ఒకదానికి టిక్కు పెట్టి వెళ్ళిపోండి. మా అమ్మమ్మకైనా ఇదే చెప్తాను."

ఒతీలియా కలం తీసుకుంది. మొద్దుబారిన వేళ్ళకి కలం ఉందో లేదో తెలియదు, చూసుకుని పట్టుకోవాలి. ఎల్వీరా మాట గుర్తుంది. బస్సు, సరిహద్దు, పిల్ల. భయం వేసింది. మూడేళ్ళుగా ఏదీ అనిపించని మనిషికి భయమైనా వేసినందుకు ఆశ్చర్యంగా ఉంది. రెండో గడి మీద కలం పెట్టింది. నా మనిషి కాదు అని ఒక్క గీత. లియోనోర్ ఏమనుకుంటుందో అనుకుంది ముందు. తర్వాత యూసేబియో నీళ్ళడగడం గుర్తొచ్చింది. ఎండలో కప్పు మీద అతన్ని వదిలేసినవాళ్ళు కూడా అంతే అన్నారు. మా మనిషి కాదు, రోజు కూలీకి వచ్చినవాడు, మా పుస్తకంలో పేరు లేదు.

కలం ఎత్తేసింది.

"కింద ఇంకో లైను ఉందంటగా. మా అమ్మాయి చదివింది."

కింద నిజంగానే సన్నటి అక్షరాల్లో ఒక లైను ఉంది. అభ్యంతరం ఉన్నచో కారణము, సంతకము, పూర్తి చిరునామా. దాన్ని ఎవరూ నింపరని ప్రిసిలా చెప్పింది. నింపితే విచారణ పెట్టాలి. తేలేదాకా తవ్వడానికి లేదు. విచారణకి ఒతీలియా వచ్చి, పేరు చెప్పి, అందరి ముందూ నిలబడాలి.

"రాయమ్మా. నాకు అక్షరాలు సరిగా రావు. ఇక్కడ మావాళ్ళున్నారు, కదపనివ్వను, అని రాయి."

"ఆంటీ..."

"రాయి."

ప్రిసిలా రాసింది. ఒతీలియా సంతకం పెట్టింది. చిరునామా మాత్రం తనే రాస్తానంది. నంబరు, వీధి, వెనక వాటా. ఆ నాలుగు ముక్కలకి ఆమెకి చాలాసేపు పట్టింది. ప్రిసిలా తొందర పెట్టలేదు. కాగితం మీద ముద్ర వేసి, ఒక నకలు తీసి ఆమె చేతికిచ్చింది.

బయటికొచ్చి కంచె వెంట గేటు వైపు నడిచింది. చువ్వల అవతల పాత భాగమంతా నారింజ రంగు జెండాలు, జానెడేసి ఎత్తున, ఒక్కో రాయి పక్కన ఒక్కోటి గుచ్చి ఉన్నాయి. కర్పూరం చెట్టు మొదట్లో రంగుతో ఒక గుర్తు వేశారు. నిన్న లేదది. గేటు ఎదట చారెడు నీడ లేదు. పిల్ల కోసం అక్కడే నిలబడింది. నాలుగింటికి నయేలి సంచీ మోసుకుంటూ వచ్చింది. ఎండలో ఎనిమిది వీధులు నడిచి వచ్చిందేమో, ఛాతీ ఎగసిపడుతోంది, గొంతులో ఆ సన్నటి కూత. ఇంత తొందరగా ఎలా వచ్చావని తల్లిని అడగడానికి కూడా ఊపిరి చాల్లేదు.

బసీలియో కుర్చీలోంచి లేచాడు గానీ గేటు తియ్యలేదు. పుస్తకం రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు.

"ఇప్పుడే ఫోనొచ్చిందమ్మా. లియోనోర్ పేరు మీద ఎవర్నీ వదలొద్దన్నారు, విచారణ తేలేదాకా. నన్నేం చెయ్యమంటావు?"

నయేలి చువ్వలు పట్టుకుని చెట్టు వైపు చూస్తోంది. బసీలియో పిల్ల కూత విన్నాడు. విని, రోడ్డు మీదికి చూసి, మళ్ళీ పుస్తకం వంక చూశాడు.

"ఆవిడ కాకుండా నీకింకెవరన్నా ఉన్నారా ఇక్కడ?"

చెప్తే నేరం ఒప్పుకున్నట్టే. బూడిద పోసిన సంగతి ఒక్కటి చాలు లాయరుకి. ఆమెకి అది తెలుసు. మూడేళ్ళుగా ఎక్కడుందో తెలియని ఏడుపు కళ్ళదాకా వచ్చి ఆగింది.

"యూసేబియో," అంది. "మా ఆయన."

అతను పోయాక ఆ పేరు ఆమె నోటంట రావడం అదే మొదలు. నయేలి చువ్వలు వదిలేసి తల్లి ముఖంలోకి చూసింది.

బసీలియోకి యూసేబియో తెలుసు. అతన్ని ఇక్కడ పాతిపెట్టలేదనీ తెలుసు. ఎన్నాళ్ళుగానో ఈ గేటులోంచి వెళ్ళిన ప్రతి శవపేటికకీ టోపీ తీసినవాడతను. కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు తుడిచి పెట్టుకుని, పుస్తకం ఒళ్ళో తెరిచాడు.

"వెతకాలమ్మా. పెద్ద పుస్తకం. టైము పడుతుంది."

కాలితో గొలుసు పక్కకి నెట్టాడు. గేటు జానెడు జరిగింది. పిల్ల సంచీతో సహా అందులోంచి దూరి, జెండాల మధ్యనించి, ఎవర్నీ తొక్కకుండా చూసుకుంటూ చెట్టు నీడలోకి వెళ్ళింది. బసీలియో తల ఎత్తలేదు. మొదటి పేజీ మొదటి పేరు మీద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదవడం మొదలుపెట్టాడు.